పాట పుట్టినిల్లు

కొత్తకోడలు గడపలో కాలు పెట్టగానే ఇరుగుపొరుగమ్మలు అడుగు మొదటి ప్రశ్న "ఏ వూరి పిల్ల?" అని. ఆ ప్రశ్నలో వేడుకయు గలదు, తూనికయు గలదు. పిల్ల గుణ మెరుగకమునుపే పుట్టినింటినిబట్టి ఆమెకు వెలకట్టుట మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న దురాచారము. స్త్రీల విషయమున ఇది తప్పని ఒప్పుకొను సంస్కారప్రియులు సైతము పాటల విషయమున ఈ దురాచారమునే పాటించుచున్నారు. ఒక పాట మన చెవికి ఇంపైనదా, దానికొక ఘనమైన పుట్టినిల్లు కల్పింతుము. మన మతమునకు చెందనిదా, దాని పుట్టినిల్లు సముద్రమున కావల నున్నదని త్రోసివేయుదుము. ఈ రెండును అసత్యములే. వీనిని గూర్చి కొన్ని మాటలు కటువుగనే చెప్పవలసి వచ్చినది. చదువరులు క్షమింతురుగాక.

మేము ధర్మవరమునుండి హిందూపురమునకు రైలులో తరచుగా పోవువారము. ఒకనాడు పెనుకొండలో బండి ఆగినప్పుడు ఒక అంధగాయకుడు తన కూతురి భుజముపై చేయి వేసికొని మా పెట్టెలోని కెక్కెను. చేతిలో చిడతలు తప్ప వేరు వాద్యము లేదు. అతడు "త్రాహిమాం" అను పేర తెలుగు క్రైస్తవుల కెల్లరకు తెలిసిన కీర్తనను ఎత్తుకొనెను. బండి చప్పుడులో సగము మాటలు కొట్టుకొనిపోయినను, పల్లవి తిరిగి వచ్చినప్పుడెల్ల పెట్టెలోని సంభాషణలు ఆగిపోవుచుండెను. పాట ముగిసినది. పాప చేయి చాచినది. డబ్బులతోపాటు అభిప్రాయములును రాలినవి.

ధర్మవరమునుండి వచ్చుచున్న పట్టుచీరల వర్తకుడొకడు, "గొంతు బాగున్నది. కాని పాట దొరలు తెచ్చిన సరుకు గదా!" అనెను. ఎదుట కూర్చున్న ఒక క్రైస్తవ పెద్ద నొచ్చుకొని, "కాదండీ, ఒక భక్తుని చెరసాలలో వేసి హింసించుచుండగా అతడు చచ్చుచు పాడిన పాట ఇది" అని కన్నులు తుడుచుకొనెను. కిటికీప్రక్కనున్న పంతులుగారొకరు వీరిద్దరిని చూచి నవ్వి, "వ్రాసినవాడు బ్రాహ్మణుడు. అందుకే ఆ పదములపొందిక. మతము మారిననేమి, పుట్టుక పోవునా?" అనిరి. మేము గాయకుని అడిగితిమి. అతడు, "మాయమ్మ పాడుతాండె సామీ. ఆయమ్మకాడ నేను నేర్చుకొంటి. అంతకంటె నాకు తెలీదు" అనెను.

ముగ్గురు చదువుకొన్నవారు చెప్పిన మూడు పుట్టుపూర్వోత్తరములలో రెండు శుద్ధాబద్ధములు, మూడవది అబద్ధముకంటె అపాయకరమైన అర్ధసత్యము. చదువురాని నాలుగవవాడు చెప్పినదొక్కటే కల్తీలేని సత్యము. ఈ సంగతియే మా చేత కలము పట్టించినది.

మొదట ఆ కీర్తనకర్త నెరుగుదము. ఆయన పేరు పురుషోత్తమ చౌదరి. 1803వ సంవత్సరమున పుట్టి 1890వ సంవత్సరమున దివంగతులైరి. వంగదేశమునుండి వచ్చి కళింగసీమలో స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబము వారిది, వైష్ణవ సంప్రదాయము. శ్రీకాకుళము, పర్లాకిమిడి ప్రాంతములు వారు తిరిగిన నేల. ముప్పదియేండ్ల వయస్సున, 1833లో, కటకమునందు బాప్తిస్మము పొందిరి. అటుపిమ్మట అరువదేండ్లకు దగ్గరగా క్రైస్తవ ప్రచారకులై, నూటికి పైగా కీర్తనలు రచించిరి. వచనమున పుస్తకములును వ్రాసిరి. తెలుగున క్రైస్తవ కీర్తనవాఙ్మయమునకు ఆద్యులని వారిని అందరు ఒప్పుకొందురు. బాప్టిస్టులు, లూథరనులు, 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘమువారు సిద్ధాంతములలో ఎంత వాదులాడుకొన్నను, "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" అను ఒక్క పుస్తకమునే చేతబట్టి వీరి కీర్తనలను పాడుదురు. ఈ చరిత్ర రహస్యము కాదు. అచ్చుపుస్తకములం దున్నది. ఐనను ముప్పది గజముల రైలుపెట్టెలో దీని నెరిగినవా డొక్కడును లేకపోయెను.

ఇక వర్తకునిమాట. "దొరలు తెచ్చిన సరుకు." సరుకుల సంగతి వర్తకునికే బాగుగ తెలియవలెను. మా అనంతపురపుసీమలో వేలాది కుటుంబములను బ్రతికించుచున్న వేరుసెనగ దక్షిణ అమెరికాలో పుట్టినది. మా సంగటిలోనికి నంజుకొను పచ్చడిలోని మిరపకాయ అమెరికానుండి పోర్చుగీసువారి ఓడలలో వచ్చినది. వీనిని ఎవరును పరాయివని పెరటిలోనుండి పీకివేయలేదు. నోటికి వచ్చినది మనదై, చెవికి వచ్చినది పరాయిదగుట ఏ తర్కమో మాకు బోధపడకున్నది.

పోనిండు, సంగీతముమాటయే చూతము. కర్ణాటక సంగీతసభలో వాయులీనము లేనిదే కచ్చేరి లేదు. దానిని మన సంగీతమున కలవరచినవారిలో ముఖ్యులు బాలుస్వామి దీక్షితులు. నేర్చినది ఐరోపావారి వాద్యగాండ్రవద్ద. ఆయన అన్నగారైన ముత్తుస్వామి దీక్షితులు ఆంగ్ల సైనికవాద్యముల బాణీలకు సంస్కృత సాహిత్యము కూర్చి దేవీదేవతలను స్తుతించిరి. అందొకటి సాక్షాత్తు ఆంగ్లేయుల రాజగీతపు బాణీయే. దానిని పాడిన ఏ గాయకుడును తనను సీమదొరగా భావించుకొనలేదు. అదే కాలమునకు కొంచె మిటు పురుషోత్తమ చౌదరిగారు దీనికి ఎదురుదారి నడచిరి. దీక్షితులు పరదేశపు బాణీలో స్వదేశపు దేవతను పాడిరి. చౌదరిగారు స్వదేశపు రాగతాళములలో పరదేశమునుండి వినవచ్చిన ప్రభువును పాడిరి. మొదటిది కళాకౌశలము, రెండవది పరదేశి సరుకు! ఈ తీర్పు చెప్పినది చెవియా, ద్వేషమా?

కీర్తన స్వరూపము చూడుడు. పల్లవి, చరణములు, పైని రాగము, తాళము. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందునాటికి చౌదరిగారికి నలువదేండ్లు దాటినవి. అనగా ఇద్దరును ఒకే గాలి పీల్చినవారు. ఆ గాలిలో రామదాసు కీర్తనలును, ఊరూర భజనకూటములును నిండియుండెను. మేము సంస్కృతము చదువుకొన్నవారము గనుక ఒక చిన్న వ్యాకరణవిషయమును గూడ విన్నవింతుము. ధాతుపాఠమునందు రక్షణార్థకమైన త్రైధాతువు ఆత్మనేపది. పాఠశాలలో కూర్చుండి రూపము సాధించువాడు "నన్ను రక్షింపుము" అనుటకు "త్రాయస్వ" అనును. "త్రాహి" అనునది ఇతిహాస పురాణములలో, స్తోత్రములలో, గుడిచుట్టు ప్రదక్షిణము చేయువారి పెదవులపై వినబడు రూపము. చౌదరిగారికి ఆ మాట నిఘంటువునుండి దొరకలేదు. బాల్యమున విన్న స్తోత్రములనుండి నాలుకకు దిగినది. ఏ లండనుసంఘమును ఆ మాటను ఓడలో ఎక్కించి పంపలేదు.

ఐతే ఇక్కడ మా పక్షపువారికిని ఒక హెచ్చరిక అవసరము. ఉత్సాహమున మేము ఒక అబద్ధమును కొట్టుటకు మరియొక అబద్ధమును ఎత్తుకొనరాదు. ఈ పాటయందు పరదేశమునకు భాగమే లేదనుట తప్పు. లండను మిషనువారు 1805లోనే విశాఖపట్టణము చేరిరి. మా ప్రాంతమునకు పొరుగైన బళ్లారికి 1810లో వచ్చిరి. క్రీస్తును గూర్చిన మాట తెలుగున అచ్చుపడి ఊరూర తిరుగుటకు వారి ధనము, వారి యంత్రము, వారి శ్రమ కారణములు. కాని ఆ మాటను తెలుగుచేయుటలో వారి ప్రక్క కూర్చున్న ఆనందరాయలవంటి తెలుగుపండితుల పేరు ఎందరికి తెలియును? అంతకు చాల పూర్వమే జెసూటు పాదిరులు 1598లో చంద్రగిరిలో వేంకటపతిరాయల కొలువునకు వచ్చిరి. తరువాత మంగళగిరి ఆనందకవి "వేదాంతరసాయనము" అను పేర క్రీస్తుచరిత్రను తెలుగు పద్యకావ్యముగా రచించెను. తెచ్చినవాడు పరదేశి కావచ్చును, పలికినవాడు మనవాడు. విత్తు ఎచటినుండి వచ్చినను ఏ నేలలో మొలచినదో, ఏ నీరు త్రాగినదో ఆ రుచి దానికి పట్టును. ఈ రెండు సంగతులను కలిపి చెప్పినవాడే చరిత్ర చెప్పినవాడు. ఒకదానిని దాచినవాడు వకాలతు పుచ్చుకొన్నవాడు.

రెండవది క్రైస్తవ పెద్ద చెప్పిన చెరసాలకథ. ఆయన కన్నీరు నిజమైనది. అందుచేతనే ఈ సంగతి చెప్పుట మాకు కష్టముగ నున్నది. భక్తిగల పాటకు నెత్తుటికథ యొకటి తగిలించిననేగాని తృప్తి కలుగని అలవాటు మన ప్రసంగకులలో ప్రబలినది. అస్సాముసీమనుండి వచ్చి దేశదేశముల వ్యాపించి తెలుగునను పాడబడుచున్న "యేసును వెంబడింతు" నను భావముగల పాటయొకటి గలదు. ఒక గృహస్థుని కన్నులయెదుట అతని బిడ్డలను, భార్యను చంపుచుండగా అతడు దానిని చరణము తరువాత చరణముగా పాడెనని ప్రసంగములలో చెప్పుదురు. ఆ పాటను సాధు సుందర్‌సింగుగారికి చెందించువారు కొందరు. గారోజాతికి చెందిన సైమన్ మరాక్‌గారికి చెందించువారు కొందరు. 1959లో దానికి స్వరము కుదిర్చి అమెరికాలో అచ్చువేయించినవారు విలియం రేనాల్డ్స్‌గారు. గారోలలో మొదటి క్రైస్తవులైన ఒమెద్, రామ్‌ఖే యను మేనమామ మేనల్లుండ్రు 1863లో బాప్తిస్మము పొంది తమ కొండలకు తిరిగిపోయి తమవారికి బోధించిరి. 1867లో సంఘము ఏర్పడినది. ఇది వ్రాతలయందున్న చరిత్ర. ఇందు హత్య లేదు. ఓర్పుతోడి నడక యున్నది. వేదికపై ఇది చెప్పినచో సభ ఏడ్వదు. కావున దీనిని చెప్పరు.

"కథ అబద్ధమైన నేమి, భక్తి పెరిగినది గదా! ఎవరికి నష్టము?" అని అడుగువారున్నారు. నష్ట మెవరికో చూపుదుము. ఆంగ్లేయ క్రైస్తవగీతములలో జాన్ న్యూటను రచించిన "అమేజింగ్ గ్రేస్" అనుదానికి మించిన ప్రసిద్ధి దేనికిని లేదు. న్యూటను నీగ్రోబానిసల వ్యాపారపు ఓడలలో పనిచేసినవాడు. 1748లో సముద్రమున తుపాను చెలరేగగా దేవుని తలచుకొని, ఆ క్షణమే పాపవ్యాపారమును విడిచి ఓడపైననే ఈ పాట వ్రాసెనని లోకమంతయు చెప్పుకొనుచున్నది. జరిగినది వేరు. తుపాను నిజము, ప్రార్థన నిజము. కాని ఆ ప్రార్థన తరువాతనే ఆయన బానిసల ఓడకు కప్తానయ్యెను. 1754లో జబ్బుచేసి ఓడపని మానెనేగాని, మనస్సు మారి కాదు. పాట వ్రాసినది గట్టుమీద, ఓల్నీ గ్రామమున గురువుగా నున్నప్పుడు, 1773వ సంవత్సరాది ప్రసంగము కొరకు. బానిసవ్యాపారము ఘోరపాపమని బహిరంగముగ కరపత్రము వేసినది 1788లో. ఇప్పుడు మనము పాడు బాణీ ఆ సాహిత్యమునకు కుదిరినది 1835లో, ఆయన పోయిన చాలకాలమునకు, అమెరికాలో.

లెక్క చూడుడు. తుపానునుండి కరపత్రమువరకు నలువది యేండ్లు. కట్టుకథ ఈ నలువది యేండ్లను ఒక్క రాత్రిగా కుదించినది. ఆ నలువది యేండ్లలో మొదటి భాగమున ఆయన ఓడ అడుగున సంకెళ్లలో పడియున్నవా రెవరు? వారికి పేరులు లేవు, పాటలు లేవు. తుపానుకథ వారిని సముద్రములో ముంచివేసినది. ఒక్క కన్నీటిబొట్టుతో పాపము కడుగబడునని, నష్టపడినవారి లెక్క అడుగనక్కరలేదని ఆ కథ నేర్పుచున్నది. నిజచరిత్రయో, మనుష్యుని అంతరాత్మ మేల్కొనుటకు ఎంతకాలము పట్టునో, మేల్కొన్నపిదప బహిరంగముగ ఒప్పుకొనుట ఎంత అవసరమో నేర్పుచున్నది. ఏది మన బిడ్డలకు చెప్పదగినది? అబద్ధపు పుట్టినిల్లు పాటకు నగవలె కనబడును. దాని క్రింద గాయము దాగియుండును.

మూడవది పంతులుగారి మాట. ఇది మాకు అన్నిటికంటె అసహ్యము. ఏలన ఇందు నిజపుపాలు గలదు. చౌదరిగారు బ్రాహ్మణ కుటుంబమున పుట్టిరి. సత్యము. కాని దానినుండి పంతులుగారు తీసిన సిద్ధాంతమేమి? మంచిపాట మంచికులమునుండియే వచ్చునని. ఈ సిద్ధాంతమును ముందుగా ఖండించినవారు స్వయముగా చౌదరిగారే. వారు "కులాచారపరీక్ష" యను పుస్తకము వ్రాసి కులభేదమును విమర్శించిరి. ఏ జంధ్యమును ఆయన తీసివేసెనో దానిని మరల ఆయన కీర్తనకు తగిలించుట ఆయనను గౌరవించుటయా, వెక్కిరించుటయా? ఈ పొగడ్త క్రైస్తవ కుటుంబములలోను తక్కువలేదు. "మా కీర్తనకర్త బ్రాహ్మణుడు" అని చెప్పుకొను సంబరము మేము చర్చి మెట్లమీదనే విన్నారము. క్రీస్తును నమ్మిననాడు కులము పోయినదని చెప్పుకొని, కీర్తన పుస్తకము తెరచిననాడు మరల కులము వెదకుకొనుట ఎంత వింత!

అదియునుగాక, పాట పుట్టుట వేరు, బ్రతుకుట వేరు. వ్రాసినవాడు దానికి జన్మమిచ్చును. పెంచి పెద్దచేసినవారెవరు? తెలుగుసీమలో క్రైస్తవసంఘములు గుంపులుగా పెరిగినది మాలమాదిగల పల్లెలలో. 1876 మొదలు 1878 వరకు పట్టిన ఘోరమైన కరవు తరువాత, 1878 జూలై 3వ తేదీన ఒంగోలుచెంత వెల్లంపల్లివద్ద గుండ్లకమ్మ యేటిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అధికులు అక్షరముముఖము చూడనీయబడని మాదిగలు. పుస్తకము వారిచేతికి రాకమునుపే పాట వారి నోటికి వచ్చినది. పగలు కూలికిపోయి, రాత్రి గుడ్డిదీపముచుట్టు కూర్చుండి, ఒక్కొక్క చరణము చెవితో నేర్చి, నాట్లలో, కోతలలో, తిరుగలియొద్ద పాడుకొని, బిడ్డలకు నేర్పినవారు ఆ తల్లులే. వారే లేనిచో చౌదరిగారి కీర్తనలు బీరువాలలోని చెదపురుగులకు ఆహారమై యుండెడివి. సంస్కృతపదములు వేదాధికారము లేనివారి కంఠమున నిలిచినవి! ఆ "త్రాహి" యను పదమును మేము బడిలో ధాతువు చెప్పి నేర్చుకొంటిమి. వారు కరవులో కేకవేసి నేర్చుకొనిరి. ఏ పాఠము గట్టిదో చదువరులే నిర్ణయింతురుగాక.

"మాయమ్మ పాడుతాండె" అని అంధగాయకుడు చెప్పినమాట మమ్మింతగా కదల్చుటకు కారణ మిదియే. అతడు చెప్పినది అజ్ఞానము కాదు. పాటకు రెండవ పుట్టినిల్లు నతడు చూపినాడు. మేము గ్రంథములలో మొదటి పుట్టినింటిని చూచి, రెండవదానిని మరచితిమి.

ఈ మరపు మన దేశమునకే పరిమితము కాదు. "కుంబాయా" యను పాటను ప్రపంచమంతట పిల్లలు పాడుదురు. అది ఆఫ్రికాలో పుట్టినదని కొందరు చెప్పిరి. మార్విన్ ఫ్రే యను అమెరికా శ్వేతప్రచారకుడు తానే దానిని రచించితినని చెప్పి 1939లో హక్కు పొందెను. కాని రాబర్టు గోర్డను అను జానపదగేయ సంగ్రాహకుడు 1926లోనే జార్జియారాష్ట్రమున డేరియనులో, హెచ్. వైలీ యను నల్లజాతి గాయకుని గొంతునుండి ఆ పాటను మైనపుగొట్టముపై ముద్రించి యుంచెను. అది అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమున భద్రముగ నున్నది. ఎవరో ఒకరు శ్రద్ధగా పేరు, ఊరు, సంవత్సరము వ్రాసిపెట్టుటచేత పేదవారి పాట పేదవారికి దక్కినది. పేరు వ్రాసికొనుట గుమాస్తాపని యని చులకన చేయువారు ఈ సంగతి తలచుకొనవలెను.

ఇంత దూరమేల? మా పెనుకొండనే తీసికొనుడు. 1565 తరువాత విజయనగర ప్రభువులకు రాజధానియై నిలిచిన ఈ కొండకు పాటతో అంతకుమునుపే సంబంధము గలదు. సాళువ నరసింహుడు అన్నమాచార్యుని ఇచటికి రావించి, తనపై పదము చెప్పుమని కోరి, ఆయన ఒప్పుకొననందున చెరబెట్టించెనని అన్నమయ్య మనుమడు చిన్నన్న వ్రాసిన చరిత్రమువలన తెలియుచున్నది. ఆ అన్నమయ్య ముప్పదిరెండువేల సంకీర్తనలు చెప్పెనని ప్రసిద్ధి. రాగిరేకులపై చెక్కించి తిరుమలలో దాచిన ఆ సంపదను లోకము కొన్ని శతాబ్దములు మరచిపోయినది. 1922లోగాని అది మరల వెలుగునకు రాలేదు. ఆ రేకులు దొరకినప్పుడు వానిపై సాహిత్యముతోపాటు రాగముపేరును ఉన్నది. ఎప్పుడో మరచిన స్వరమునకు ఆ ఒక్కమాటయే జాడ. చెక్కినవాడు ఆ మాట అనవసరమని వదలివేసి యున్నచో మనకు పదములు మిగులును గాని, అవి పదములని తెలియుట కష్టమయ్యెడిది.

క్రైస్తవ కీర్తనపుస్తకమును కూర్చిన పెద్దలును ఈ ధర్మమును పాటించిరి. ప్రతికీర్తనకు రాగము, తాళము, కర్త పేరు అచ్చువేసిరి. రాగిరేకు చేసినపని కాగితము చేసినది. ఇప్పుడు జరుగుచున్న దేమి? హిందూపురమున, ధర్మవరమున మేము చూచిన ప్రార్థనామందిరములలో పుస్తకము మూతబడినది. గోడపై తెర వ్రేలాడుచున్నది. దానిపై పాటమాటలు మాత్రమే వెలుగుచున్నవి. రాగము లేదు, తాళము లేదు, కర్త లేడు. కొత్తగొంతుతో పాడి చరవాణిలో ఎక్కించినవాని పేరు, వాని ఛాయాపటము మాత్రము పెద్దవిగా నుండును. పది సంవత్సరములలో ఆ పాట వానిదే యగును. ఆ తరువాత ఎవరైన "ఇది ఎవరిది?" అని అడిగినచో రైలుపెట్టెలోని ముగ్గురు పండితులే జవాబు చెప్పుదురు: ఒకడు దొరలదనును, ఒకడు చెరసాలదనును, ఒకడు తన కులముదనును. పేరు లేనిచోట ఖాళీ నిలువదు. అబద్ధమువచ్చి కాపురముండును.

"పాట దేవునిది, మనుష్యుని పేరు వ్రాయుట అహంకారము" అని ఒక వైరాగ్యవాదము గలదు. కర్తయే తన పేరు వలదన్నచో అది వినయము. ఇతరులు అతని పేరు చెరిపి అది వినయమనుట దొంగతనము. ఆ వైరాగ్యము మందిరమునకు చందా యిచ్చినవారి చలువరాతి పలకలపై ఏల కానరాదో కూడ అడుగవలసియున్నది.

కావున గృహస్థులైన చదువరులకు మా మనవి ఇది. తమ యింట, తమ గుడిలో, తమ మందిరమున, తమ భజనకూటమిలో పాడు ప్రతిపాటకు క్రింద కర్త పేరు వ్రాయుడు. తెలియనిచో ఎవరియొద్ద నేర్చితిరో ఆ తల్లి పేరు, ఆ యూరి పేరు వ్రాయుడు, అదియు చరిత్రయే. తెరపై పాటను వేయువారు ఒక్క పంక్తి ఎక్కువ వేయుటకు ధనము ఖర్చు కాదు. ప్రసంగకులు ఒక కథ చెప్పుటకుముందు "ఇది ఎచట చదివితిని?" అని తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను, జవాబు దొరకనిచో ఆ కథను మాని పాటనే పాడవలెను. ఇంటిలో వృద్ధురాండ్రు పాడు పాటలను పిల్లలచేత వ్రాయింపుడు. మేము మా తరగతిలో ఈ పని మొదలుపెట్టితిమి. హిందువుల పిల్లలు మంగళహారతులు, మహమ్మదీయుల పిల్లలు పీర్లపండుగ పాటలు, క్రైస్తవుల పిల్లలు కీర్తనలు తెచ్చుచున్నారు. ప్రతిపాట క్రింద ఒక అవ్వ పేరున్నది. ఒక్క పాటకును కులము వ్రాయబడలేదు, ఎవరును అడుగలేదు.

రైలుపెట్టెలో ఆనాడు మేము మౌనముగ నుండలేదు. చౌదరిగారిని గూర్చి మాకు తెలిసినది చెప్పితిమి. వర్తకుడు వినెను. పంతులుగారు కిటికీవైపు తిరిగిరి. క్రైస్తవ పెద్ద కొంతసేపు ఊరకుండి, "చెరసాల లేకున్నను పాట బాగుగనే యున్నది" అనిరి. ఆ పెద్దరికమునకు మేము నమస్కరించితిమి. ఇంతలో హిందూపురము వచ్చినది. తండ్రిని దింపుచు పాప వెనుకకు తిరిగి, "ఆయన్ది ఏ వూరు సార్?" అని అడిగినది.

ఏ వూరి పిల్ల యని మన ముంగిళ్లలో అడుగు ప్రశ్నయే అది. కాని అందు తూనిక లేదు. తాను దినమెల్ల పాడుపాటను ఇచ్చిన మనుష్యుడు ఎచటివాడో తెలిసికొనవలెనను ఆపేక్ష మాత్రమే యున్నది. "శ్రీకాకుళముతట్టు, అమ్మా. ఇటనుండి చాల దూరము" అని చెప్పితిమి. పాప ఆ పేరు రెండుమారులు తనలో తాను పలుకుకొని, తండ్రి చేయి పట్టుకొని ముందుకు నడచినది.